గుట్ట కింది దవనం

"దవనం కొట్లాట యాడ మొదలైంది తాతా?" అంటివి గదా పాపా, చెప్తా. నా మాట పట్టుకునే ఆ ఫోను రొంత ఇట్ల దగ్గర పెట్టు. ఆఁ, అట్ల.

నేను విత్తనం మార్చినాననే మాట నాకు మొదట మోసుకొచ్చినాయప్ప ఖాదర్ సాబు. బళ్ళారి కౌల్ బజార్లో పూలంగడి ఉండాది చూడు, మల్లెలూ కనకాంబరాలూ గంపల్లో పోసుకోనుంటాడు, ఆయప్పే. సొంతోళ్ళు ఎవురూ నాతో అనలే. మీ తాత అనలే, మా చెల్లెలు అనలే. పూలమ్ముకునే సాయిబు చెప్తే నాకు తెలిసె. ఇది మొదట గుర్తు పెట్టుకో, ఎందుకంటే మీ ఊర్లో ఈ కథ ఇంగో తీరుగా చెప్పుకుంటాండారు.

నువ్వు నా చెల్లెలు ఈరమ్మకు మనవరాలివి. నీకు ఈ ఇల్లు గూడా పుట్టింటి మాదిరే. కాబట్టి మీ తాత పంపాపతి గురించి నేను గట్టిగా మాట్లాడితే నొచ్చుకోవద్దు. వాడు నాకు బావ, నేను వానికి బావ. ఇద్దరం ఒగరినొగరు బావా బావా అనుకుంటానే ఆరిపోని మంట పెట్టుకుంటిమి.

మొదట దవనం గురించి చెప్పల్ల. మీ ఎమ్మిగనూరోళ్ళు కాలవ కిందోళ్ళు, మీకు వరి తెలుసు, చెరకు తెలుసు. మా సంగనకల్లు పక్క ఏముండాది, గుట్టలు, బండలు, ఎర్రనేల. ఆ గుట్ట కింద మాకు రొంత చెలక. మా నాయన కాలం నించి ఆడ దవనమే. మా నాయన పొద్దున్నే సద్ది మూట ఎత్తుకోని, దవనం కట్టలు నెత్తిన పెట్టుకోని బళ్ళారికి నడిచిపోతాండె. ఆయప్ప వస్తాండాడని వీధిలో ఆడోళ్ళకు చూడకముందే తెలుస్తాండె, వాసనకే. నేను గొప్పకు చెప్పడం లేదు. ఖాదర్ సాబు వాళ్ళ నాయన బతికుంటే ఆయప్పే చెప్తాండె. ఆ కాలంలో దవనం కట్టకి ఎంతిస్తాండ్రి అని అడుగుతావేమో, ఆ లెక్క నాకు గుర్తు లేదులే. అణాల్లో బేరం, ఒక కట్టకి ఒక పూట టీ, బోండా వస్తాండె, అంతే.

దవనం విత్తనం నువ్వు చూసినావా? చూసుండవు. పొగ మాదిరి ఉంటాది. చేతిలో పెట్టుకుంటే ఉండాదో లేదో తెలియదు. నువ్వు గట్టిగా ఊపిరి ఇడిస్తే పాయె, యాడికి పోయిందో దేవునికే తెలియల్ల. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి. విత్తనం ఇచ్చేటప్పుడు ఇచ్చేటోళ్ళూ తీసుకునేటోళ్ళూ ఇద్దరూ నోటికి గుడ్డ కట్టుకోవల్ల. మాట్లాడకూడదు. ఇచ్చిందాంక మౌనం. ఇంగొకటి, దవనం విత్తనం మేం ఎవురికీ అమ్మం. అడిగితే ఇస్తాం, అదీ ఇంటి ఆడబిడ్డకు ఇస్తాం. ఇచ్చింది అసలుదే ఇస్తాం. విత్తనంలో మోసం చేసినాడంటే ఇంగ ఆ మనిషి కులంలో తల ఎత్తుకోని తిరగలేడు. నువ్వు చదువుకున్నదానివి, నీకు ఇది పెద్ద మాట అనిపించదేమో. మాకు మాత్రం, దొంగ అన్నా ఓర్చుకుంటాం పాపా, విత్తనం మార్చినాడంటే ఓర్చుకోలేం.

ఇంగ కథలోకి వస్తా. ఒక గౌరి పండగకి మామూలుగా మీ అవ్వకి బాగిన పంపితి. కొత్త చాటల్లో పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ, బియ్యం, బెల్లం, అన్నీ పెట్టి పైన ఇంగో చాట మూసి. ఈ పక్క అన్న బతికున్నంతకాలం చెల్లెలికి బాగిన పంపల్ల. ఆ ఏడు మీ తాత కబురు పెట్టినాడు, "బావా, ఈసారి బాగినలో దవనం విత్తనం గూడా పెట్టు. కౌల్ బజార్లో నీ దవనానికి ఎగబడతారంట గదా. నీ బండల్లోనే అంత బాగొస్తే, మా కాలవ నేలలో ఎంత బాగా రావల్ల!" అని. మీ తాతకి ఎప్పుడూ అదే గర్వం. మా కాలవ, మా నీళ్ళు, మా నల్ల నేల. మేం రాళ్ళల్లో బతికేటోళ్ళమంట. మీ అవ్వ పెండ్లప్పుడు గూడా మీ తాత చిన్నాయన ఒకాయప్ప, "మీ ఊర్లో నీళ్ళు తాగనిస్తారా, చూపించి దాచిపెడతారా?" అని ఎగతాళి చేసినాడు. ఆయప్ప చచ్చిపోయి శానా ఏండ్లాయె. నేను మరిచిపోలే.

సరే, చెల్లెలు గదా. నేనే నోటికి గుడ్డ కట్టుకోని, బాగినలో మూట పెట్టి పంపితి. దీపావళి అయినాక మీ తాత చల్లినాడు. ఎట్ల పెరిగిందంటావు! మోకాళ్ళు దాటె. నేను చూడను పోయినప్పుడు మడి గట్టున నిలబడుకోని మీ తాత మీసం దువ్వుతాండాడు.

"ఏం బావా, నీ దవనం ఏనాడన్నా ఇంత ఎత్తు పెరిగిందా?"

"పెరగలే" అంటి.

"ఆకు చూడు, ఎంత పచ్చగుండాదో."

నేను ఒక కొమ్మ తుంచి అరచేతిలో నలిపి చూస్తి. వాసన సంగతి ఎత్తలే. ఎత్తింటే కుళ్ళుకున్నాడు అంటాడు. మడిలో నీళ్ళు నిలబడుండాయి, వరికి పెట్టినట్ల పెట్టినాడు. రొంత తగ్గించు అని ఒక మాటంటి. నీళ్ళుండేటోని బాధ నీకేం తెలుసు అని నవ్వినాడు.

మీ తాత టెంపో నింపుకోని కౌల్ బజారుకి తోలినాడు. ఖాదర్ సాబు ఒక కట్ట ఇప్పి, నలిపి, ముక్కు కాడ పెట్టుకోని, "ఏంది అప్పా ఇది, ఖుష్బూ యాడ పాయె? ఇది గడ్డి" అనేసినాడంట. పూలు కట్టే ఆడోళ్ళు గూడా వద్దన్రి. వాళ్ళకి దవనమంటే దండలో మల్లెపూల నడుమ రెండు రెమ్మలు పెడితే తల తిరగల్ల, అంత వాసన. ఇది పెడితే ఆకు పెట్టినట్లుండాది. టెంపో అట్లనే ఎనక్కి పాయె.

మనిషి పోయిన మొహంతో ఇంటికి పోలేడు గదా. తప్పు మోయను ఎవురో ఒకరు కావల్ల. ఆడే, పూలంగడి ముందరే, "తిప్పన్న నాకు విత్తనం మార్చి ఇచ్చినాడు. అసలుది దాచుకోని అడవి దవనం కట్టిచ్చినాడు. నేను కౌల్ బజారుకి వస్తే ఆయప్ప బేరం పోతాదని" అని అనేసినాడు. అడవి దవనం అనేదొకటి ఉండాదా యాడన్నా? నా తల పండిందాంక నేను చూడలే.

ఖాదర్ సాబు నాకు ఆ మాట చెప్పి, "తిప్పన్నా, నేను నమ్మలే. కాని మాట నడుస్తాంది" అనె. మాట నడుస్తాంది! అది నడవలే పాపా, పరిగెత్తె. వైశాఖంలో మీ అక్క పెండ్లి ఆయె. నువ్వు గూడా ఉంటివి, పట్టు లంగా కట్టుకోని అటూ ఇటూ తిరుగుతాంటివి. పంక్తిలో నేను కూర్చుంటి. నా ఆకులో ఇంగా పాయసం పడలే. మీ తాత వచ్చి అందరి ముందర, "విత్తనం మార్చినోని చేతి తాంబూలం మా ఇంట్లో వద్దు" అని నేను తెచ్చిన తాంబూలం తట్ట నా పక్కన నేలమీద పెట్టేసినాడు. ఊరంతా చూస్తాంది. మీ అవ్వ వంటింటి గడప కాడ నిలబడుకోని నోట్లో కొంగు కుక్కుకునింది. నేను లేస్తి. చేయి కడుక్కుంటి. వస్తి. ఇంతే.

ఇంగ మీ అవ్వ మా ఇంటికి రావడం నిలిచిపాయె. అసలు బాధ అది. నాకు పేరు పాయె అనేది ఒకటి, చెల్లెలు పాయె అనేది ఇంగొకటి. భాద్రపదం వచ్చె. నేను మళ్ళ బాగిన పంపితి. ఏంటికి పంపినావు అంటావా? అన్నను గదా, పంపకుండా ఎట్ల ఉంటా? పంపితి. చాటలు అట్లనే తిరిగొచ్చె. పైన కట్టిన దారం గూడా ఇప్పలే.

నేను కోపంతో చాట తెరిస్తి. బియ్యం, బెల్లం, గాజులు, అన్నీ ఉండాయి. బియ్యం అడుగున చిన్న మూట, మా ఊరి నేతచీర ముక్కలో కట్టింది. అది నేను పెట్టింది కాదు. మీ అవ్వ చాటలు ఇప్పి, మూట పెట్టి, మళ్ళ ముందర మాదిరే దారం కట్టింది! మా అమ్మ నేర్పించిన ముడి, నేను గుర్తు పట్టలేనా? మూట ముట్టుకుంటే లోపల ఏమీ లేనట్లే ఉండాది. అప్పుడు తెలిసె. దవనం విత్తనం. టెంపో తిరిగొచ్చినాక మిగిలింది మీ తాత మడిలోనే వదిలేసినాడు గదా, అది పూసి ఎండిపాయె. పుట్టింటి విత్తనం నేల పాలు చేయకూడదని మీ అవ్వ దులిపి దాచిపెట్టింది. నాకు పంపింది. మాట లేదు, చీటి లేదు. మూట ఒకటే.

ఇంగొకడైతే ముడి ఇప్పి అప్పుడే చల్లుతాండె. నేను ఇప్పలే. ఇప్పితే మళ్ళ మార్చినాడంటారు. మూట అట్లనే ఎత్తుకోని కౌల్ బజారుకి పోతి. ఖాదర్ సాబు గల్లా పక్కన పెడితి. "పంపాపతిని పిలువు. ఇది వాని మడి విత్తనం. వాని చేత్తోనే ఇప్పల్ల. వాడే వచ్చి నా నేలలో చల్లల్ల. నా విత్తనం వాడు తీసుకపోయి వాని నేలలో చల్లల్ల. పండినాక రెండూ నీ ముందర పెడతాం. నీ ముక్కే పంచాయితి" అంటి.

మీ తాత వచ్చినాడు. ఎందుకు రాడు? వానికి గెలుస్తాననే ధైర్యం. "బండల మీద చల్లితే గడ్డి దవనమైతాదా?" అన్నాడు. "కాకపోతే నేను కాళ్ళు పట్టుకుంటా. ఐతే నువ్వేం చేస్తావు?" అంటి. "నీ విత్తనం మంచిదేనని ఒప్పుకుంటా" అనె. సరేనంటి.

కార్తీకంలో వచ్చినాడు, చల్లను. మా చెలకలో నా మడి పక్కనే వానికి మడి కట్టి పెడితి. వాడు ముడి ఇప్పినాడు. "నోటికి గుడ్డ కట్టుకో" అంటి. "నాకు చెప్పను వచ్చినావా, నేను ఎన్ని ఎకరాలు చల్లినోన్ని" అన్నాడు చూడు, ఆ మాటకే సగం విత్తనం గాలికి పాయె! గుట్ట మీదికి పోయిందో, పక్కోళ్ళ సేనులోకి పోయిందో. మిగిలింది గుడ్డ కట్టుకోని చల్లినాడు. అప్పుడు నవ్వలే నేను. ఇంటికొచ్చి మంచం మీద పడుకోని నవ్వితి.

ఆ చలికాలమంతా మీ తాత వారానికొకసారి బండి ఏసుకోని వస్తాండె, నేను ఏమన్నా చేస్తాండానేమోనని.

"బావా, నేల బీటలు వారింది, నీళ్ళు పెట్టవా?"

"ఇంగా పెట్టను."

"సచ్చిపోతాది!"

"సావదు. కోపమొస్తాది దానికి. కోపమొస్తేనే వాసన."

"నీ మాదిరే" అనె.

"నా మాదిరే" అంటి.

మాఘం దాటె. మా మడిలో వాని విత్తనం జానెడు, జానెడున్నర. ఆకు సన్నగా, బూడిద రంగులో, చలికి ముడుచుకోనుండాది. చూస్తే ఏముందిలే అనిపిస్తాది. మీ తాత మొహం ఎలిగిపోతాండాది, ఇంత పొట్టిగా వచ్చిందని. పొద్దున మంచు ఆరినాక గుట్ట పక్క నించి గాలి తిరిగితే రెండు మడుల నించి ఒకటే వాసన వస్తాండె. ముక్కుండేటోడైతే తెలుసుకోవల్ల. మీ తాతకి ఆ రోజు జలుబు.

కోసి, కట్టలు కట్టి కౌల్ బజారుకి పోతిమి. ఎమ్మిగనూరు నించి మీ తాత తెచ్చినాడు, నా విత్తనం, వాని నేల. మీ అవ్వ గూడా వచ్చింది. మీ తాత వద్దన్నా వచ్చిందంట. నేను ఆమెను చూడడం మీ అక్క పెండ్లి తర్వాత అదే మొదటిసారి. చిక్కిపోయింది. పలకరించలే నేను, పంచాయితి కాకముందు పలకరిస్తే మెత్తబడతానని.

ఖాదర్ సాబు గంపలు పక్కకు జరిపి, మూడు కట్టలు వరసగా పెట్టినాడు. నా విత్తనం నా నేలలో పండింది ఒకటి, పంపాపతి విత్తనం నా నేలలో పండింది ఒకటి, నా విత్తనం పంపాపతి నేలలో పండింది ఒకటి. పూలు కట్టే ఆడోళ్ళు చేతులు తుడుచుకోని చుట్టూ మూగిరి. ఖాదర్ సాబు కండ్లు మూసుకున్నాడు. మొదటిది నలిపి చూసె. "బరాబర్" అనె. రెండోది నలిపె, శానా సేపు ముక్కు కాడే పెట్టుకునె. "ఇది దీని చెల్లెలు. తేడా లేదు" అనె. మూడోది నలిపె. మొహం ఇట్ల పెట్టె.

"వాసన లేదని కాదు" అనె. "పచ్చి వాసన ఉండాది. తీపి పాయె. ఘాటు పాయె. పోయినేడు టెంపోలో వచ్చిందీ ఇదే. ఇది ఎవురి విత్తనం?"

"నాది" అంటి. గట్టిగా అంటి. "నా ఇంటి విత్తనం. నా చేత్తో దులిపింది. కాలవ నీళ్ళు తాగి ఇట్లయింది."

మీ తాత రెండో కట్ట తీసుకున్నాడు. వాని విత్తనం అది, వాడే ముడి ఇప్పింది, వాడే చల్లింది. నలిపినాడు. ముక్కు కాడ పెట్టుకున్నాడు. మళ్ళ పెట్టుకున్నాడు. పాపా, నేను ఆ మొహం చూడను ఏడాదంతా ఎదురు చూసినోన్ని. చూస్తి. కడుపు నిండె.

"నేలదే బావా" అనె. మెల్లగా అనె. "విత్తనంలో తప్పు లేదు."

"గట్టిగా చెప్పు, పూలోళ్ళకి ఇనపడల్ల" అంటి.

"విత్తనంలో తప్పు లేదు!"

అప్పుడు మీ అవ్వ ముందరికొచ్చి, ఆ రెండో కట్టలో నించి రెమ్మ తుంచి, తలలో పెట్టుకోని మీ తాత తట్టు తిరిగి, "పెండ్లిలో పంక్తి ముందర నిలబడినప్పుడు కట్టుకోవల్సింది, నోటికి గుడ్డ" అనె. పూలోళ్ళు నవ్విన నవ్వు! ఖాదర్ సాబు గల్లా పెట్టె కొట్టుకోని నవ్వినాడు. మీ తాత గూడా నవ్వినాడులే, ఏం చేస్తాడు.

పోయినసారి నువ్వు చెప్తివి గదా, మీ కాలేజిలో ఆకుల నూనె తీస్తారని. ఆ నూనె ఒకటే వస్తువు కాదు, పోపులో ఆవాలూ జీలకర్రా ఇంగువా కలిసినట్ల రకరకాలు కలిసుంటాయి, నేలా నీళ్ళూ ఎండా చలీ బట్టి వాటి పాళ్ళు మారతాయి, ఒక చెట్టు విత్తనమే రెండు చోట్ల రెండు తీర్ల వాసన ఇస్తాది, అంటివి. ఇని నాకు ఎంత సంతోషమాయె! ఖాదర్ సాబు "తీపి పాయె, పచ్చి ఉండాది" అనింది అదే గదా? నువ్వు నూనె తీసి చెప్తివి, ఆయప్ప ముక్కుతో చెప్పె, నేను చెలకతో చెప్తి. ముగ్గురిదీ ఒకటే మాట. నాకు సంతకం తప్ప ఏమీ రాదు, నువ్వు ఆ రకాల పేర్లు రాసిపెట్టు, మా నాయన దవనంలో ఏమేముండెనో నాకు గూడా తెలియల్ల.

ఈ ఏడు గౌరి పండగకి బాగిన నేను పంపలే. మీ అవ్వే వచ్చి ఈడ కూర్చోని, నా చేతి మీద నించి తీసుకునింది. ఉదయం వచ్చింది, మూడు పూటలా తిని, మాటలు చెప్పి, పొద్దు గూకినాక గూడా పోతాననలే. అదీ గెలుపంటే.

ఐతే ఇంగొకటి మిగిలుండాది పాపా. అందుకే నిన్ను కూర్చోబెట్టుకుంటి. మీ ఊర్లో ఇంగా, "రెండోసారి తిప్పన్న మంచి విత్తనం ఇచ్చినాడంట, బుద్ధొచ్చి" అని అనుకుంటాండారంట. ఎంత తప్పు చూడు! మా మడిలో రెండోసారి వాసనొచ్చింది మీ విత్తనానికి. నా మంచి విత్తనం మీ నేలలో గడ్డాయె. మాట తలకిందులు చేసి చెప్పుకుంటాండారు. ఏంటికంటే, మీ తాత నన్ను అనింది ఎమ్మిగనూరులో, పంక్తిలో, సొంతోళ్ళందరి ముందర. ఒప్పుకునింది కౌల్ బజార్లో, పూలోళ్ళ ముందర. పూలోళ్ళు వచ్చి మీ ఊర్లో చెప్తారా?

మీ అక్క బిడ్డకి తొట్లలో వేసే పండగ ఉండాదంట గదా వచ్చే నెల. అందరూ కూడతారు. అదే ఇల్లు, అదే పంక్తి. నేను వస్తా, కూర్చుంటా, తాంబూలం తెస్తా. నా ఆకులో పాయసం పడినాక నువ్వు లేచి చెప్పల్ల. నేను చెప్తే ముసిలోడు గొప్పలు చెప్పుకుంటాండాడంటారు. మీ తాత చెప్తే నవ్వులాటకు మార్చేస్తాడు. నువ్వు పంపాపతి మనవరాలివి, నువ్వు చెప్తే నిలబడుతాది. విత్తనం మారలే, నేల మారింది, అని. "అంట", "ఏమో" అని కలపద్దు. ఉండింది ఉండినట్ల. చెప్పినాక ఆ తాంబూలం తట్ట నువ్వే నా చేతిలో నించి తీసుకో.

మా అమ్మకి ఉండె నీ మాదిరి కండ్లు. సల్లగా ఉండు తల్లీ, నీకు మంచి జరగల్ల. పోయేటప్పుడు ఆ మూల చాటలో విత్తనం ఉండాది, కట్టిస్తా. దాన్ని తీసుకునేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకో. ఆ రోజు పంక్తిలో మాత్రం పెట్టుకోవద్దు.